గోదా బయట నిలబడే మనిషి

1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్స్ కుస్తీ చాప మీద ఇద్దరు యువకులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరూ 1926లో పుట్టినవాళ్లే. ఇద్దరిదీ 57 కిలోల విభాగమే. ఫ్రీస్టైల్ కుస్తీ ఇద్దరిలో ఎవరికీ చిన్ననాటి విద్య కాదు. జపాన్ నుంచి వచ్చిన షోహాచి ఇషీ అంతకుముందు జూడో నేర్చినవాడు. మన దేశం నుంచి వెళ్లిన ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్ మట్టి గోదాలో పెరిగిన పహిల్వాన్. హోరాహోరీగా సాగిన ఆ పోరులో ఇషీ గెలిచాడు.

జాదవ్ చాప దిగి ఊపిరి కూడదీసుకునేలోపే మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి సోవియట్ మల్లుడు రషీద్ మమ్మద్‌బెయోవ్‌తో తలపడాలి. రెండు పోటీల మధ్య అరగంట విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ సంగతి గుర్తుచేసి అరగంట ఇప్పించడానికి భారత బృందం అధికారి ఒక్కరూ అక్కడ లేరు. జాదవ్ అలాగే చాప ఎక్కాడు. ఓడిపోయాడు. ఇషీకి స్వర్ణం, మమ్మద్‌బెయోవ్‌కు రజతం, జాదవ్‌కు కాంస్యం. స్వతంత్ర భారతదేశానికి ఒలింపిక్స్‌లో దక్కిన మొట్టమొదటి వ్యక్తిగత పతకం అదే.

జూలై 24న భారత హాకీ జట్టు ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 6-1 తేడాతో ఓడించింది. ఆరు గోల్స్‌లో అయిదు బల్బీర్ సింగ్‌వే. దేశం ఆ సంబరంలో మునిగిపోయింది. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు, అది అంత గొప్ప జట్టు. కానీ ఆ సంబరం హోరులో ఒక ప్రశ్న అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఆ అరగంట ఏమైంది?

ఆ రోజుల్లో కుస్తీ పోటీ పదిహేను నిమిషాలు. ఎవరో ఒకరు చిత్తయితే ముందే ముగిసేది. ఇప్పటి ఫ్రీస్టైల్ పోటీ మొత్తం ఆరు నిమిషాలే, అందులోనూ మూడు నిమిషాల తర్వాత అరనిమిషం విరామం ఉంటుంది. పదిహేను నిమిషాల పాటు సమ ఉజ్జీతో పట్టు పట్టిన మనిషికి ముందుగా పోయేది కాళ్ల సత్తువ అనుకుంటాం. కుస్తీ తెలిసినవాళ్లు ముంజేతుల గురించి చెబుతారు. అవి రాయిలా బిగుసుకుపోతాయి, వేళ్లు ముడుచుకోవు. పట్టు చిక్కినా నిలవదు. అరగంట దొరికితే నెత్తురు ఆడుతుంది, చేయి చేయిలా మారుతుంది. ఆ అరగంట దొరికి ఉంటే జాదవ్ గెలిచేవాడని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. మమ్మద్‌బెయోవ్ కూడా తక్కువవాడేం కాదు. అయినా ఆ విశ్రాంతి జాదవ్ హక్కు. చాప మీద రొప్పుతున్న మనిషి తన హక్కు తానే అడగలేడు. భాష కూడా రాని చోట మరీ అడగలేడు. ఆ పని చేయాల్సింది పక్కన నిలబడ్డ మనిషి.

కుస్తీని ఒంటరి ఆట అంటారు. జట్టు ఉండదు, బంతి ఉండదు, చేతిలో బ్యాటూ ఉండదు, ఒంటి మీద బట్ట కూడా అంతంతే. గెలిస్తే తన గెలుపు, ఓడితే తన ఓటమి. ఈ మాట సగమే నిజమని జాదవ్ జీవితం చెబుతుంది. ఆయన కథలో ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు పక్కన నిలబడ్డారు, లేదా నిలబడవలసినవారు నిలబడలేదు. గెలుపోటముల జాబితాలో ఆ మనుషుల పేర్లు కనిపించవు. అయితే ఆ జాబితాను రాసింది వాళ్లే అనిపిస్తుంది.

సతారా జిల్లా కరాడ్ దగ్గర గోళేశ్వర్ అనే చిన్న ఊరు ఆయనది. తండ్రి దాదాసాహెబ్ స్వయంగా మల్లుడు. అయిదుగురు కొడుకుల్లో ఖాశాబా చివరివాడు. చదివింది కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం సతారా ప్రాంతాన్ని ఊపేసినప్పుడు ఈ కుర్రాడు కూడా అందులో తిరిగాడు. ఆ తర్వాత చదువు కోసం కొల్హాపూర్ రాజారామ్ కాలేజీకి వెళ్లాడు.

కొల్హాపూర్ అంటే కుస్తీకి కాశీ. ఛత్రపతి శాహూ మహారాజ్ మల్లులను సొంత బిడ్డల్లా పోషించిన ఊరు. ఆయన కట్టించిన ఖాస్‌బాగ్ మైదానంలో నడుమ గోదా, చుట్టూ జనం కూర్చునే మెట్లు ఉంటాయి. అక్కడి మట్టి మామూలు మట్టి కాదు. ఎర్రమన్ను జల్లెడ పట్టి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేస్తారు. పడ్డా దెబ్బ తగలదు, గీరుకున్నా పుండు పడదు. ఆ మట్టి ఒంటికి పట్టి చెమటను పీల్చుకుంటుంది, పట్టు జారనివ్వదు. పొద్దున్నే దండీలు, బస్కీలు, తర్వాత గోదా తవ్వడం, ఆ తర్వాతే కుస్తీ. బాబూరావ్ బలావడే, బేలాపురి గురూజీల దగ్గర జాదవ్ నేర్చింది ఈ విద్యే.

మనిషి చూస్తే పొట్టిగా, సన్నగా ఉండేవాడు. పహిల్వాన్ అంటే ఏనుగు కుంభస్థలం లాంటి ఛాతీ ఉండాలని అనుకునే రోజులవి. రాజారామ్ కాలేజీ వార్షిక పోటీల్లో పేరు ఇవ్వబోతే, ఈ ఒంటితో కుస్తీ ఏమిటని క్రీడల మాస్టారు పేరు రాసుకోలేదు. జాదవ్ నేరుగా ప్రిన్సిపాల్ ఖర్డేకర్ గారి గదికి వెళ్లాడు. ఆడనివ్వమని ఖర్డేకర్ అనుమతి ఇచ్చారు. తనకంటే బరువైన వాళ్లను కూడా ఆ కుర్రాడు మట్టి కరిపించాడు.

ఈ ఖర్డేకర్ గారి పేరు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కథలో ఆయన మళ్లీ వస్తారు.

జాదవ్‌కు పేరు తెచ్చిన పట్టు 'ధాక్'. ప్రత్యర్థి తలను చంకలో బిగించి, నడుము తిప్పి, తన మీదుగా నేలకు విసరడం. బలం ఎక్కువగా ఉన్నవాడి బలాన్నే వాడుకునే పట్టు కాబట్టి చిన్న ఒళ్లు ఇక్కడ లోపం కాదు. జూడో తెలిసినవాళ్లకు ఇది పరాయి సంగతిలా తోచదు. ఎదుటివాడి ఊపును లాగి నడుము మీదుగా పడెయ్యడం ఆ విద్యకు ప్రాణం. తర్వాత హెల్సింకిలో ఇషీ, జాదవ్ మధ్య పోరు అంత హోరాహోరీగా సాగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

1948లో లండన్ ఒలింపిక్స్. కొల్హాపూర్ మహారాజా ప్రయాణ ఖర్చులు భరించారు. ఇరవై రెండేళ్ల జాదవ్ అక్కడే మొదటిసారి కుస్తీ చాప మీద కాలు పెట్టాడు. మట్టిలో మడమ దిగబడుతుంది, ఆనుకోవడానికి చోటు దొరుకుతుంది. చాప మీద కాలు నిలవదు. మట్టి కుస్తీలో వీపు నేలకు తగిలితే ఆట ముగిసినట్టే, అంతవరకు తొందర లేదు. ఫ్రీస్టైల్లో నిమిషాలు లెక్క, న్యాయనిర్ణేతల మెప్పు లెక్క. లండన్‌లో అమెరికా మాజీ లైట్‌వెయిట్ చాంపియన్ రీస్ గార్డ్‌నర్ ఆయనకు చాప కుస్తీ మెలకువలు నేర్పాడు. అంత తక్కువ వ్యవధిలో, అంత కొత్త నేల మీద జాదవ్ ఫ్లైవెయిట్‌లో ఆరో స్థానంలో నిలిచాడు.  చాప మీద పెరగని మనిషికి కొద్ది రోజుల శిక్షణతో ఆరో స్థానం వస్తే, నాలుగేళ్ల శిక్షణతో ఏం రావచ్చు? ఈ లెక్క ఆ రోజు ఢిల్లీలో ఎవరైనా వేసి ఉండాల్సింది.

వేయలేదు. లండన్ నుంచి తిరిగొచ్చాక ఆ నాలుగేళ్ల సాధన భారం జాదవ్ మీదే పడింది. ఈలోగా ఇంకొకటి జరిగింది. 1949లో కొల్హాపూర్ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. సంస్థానాలు పోవడం దేశానికి మంచిదే. కాకపోతే మల్లులకూ గాయకులకూ శిల్పులకూ సంస్థానాలు పెడుతూ వచ్చిన అన్నం ఇకపై ఎవరు పెడతారన్న ప్రశ్నకు కొత్త ప్రభుత్వం దగ్గర ఇంకా జవాబు తయారుగా లేదు. 1948లో జాదవ్ వెనుక ఒక రాజు ఉన్నాడు. 1952 నాటికి ఆ చోటు ఖాళీ.

ఎంపిక దగ్గరే మొదటి అడ్డంకి. తనకు అన్యాయంగా పాయింటు తగ్గించి జట్టు నుంచి తప్పించారని జాదవ్ ఊరుకోకుండా పటియాలా మహారాజాకు మొరపెట్టుకున్నాడు. యాదవీంద్ర సింగ్ అప్పట్లో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు, కుస్తీ అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన మళ్లీ పోటీ పెట్టించారు. జాదవ్ తన ప్రత్యర్థి నిరంజన్ దాస్‌ను ఓడించి టికెట్ సంపాదించాడు.

టికెట్ అన్నది మాటవరసకే. ఓడకూ విమానానికీ డబ్బు ఎక్కడిది? ఊరు కదిలింది. గోళేశ్వర్‌లోనూ చుట్టుపక్కలా చందాలు పోగుచేశారు. సర్కారు వైపు నుంచి వచ్చినది చాలలేదు. అప్పుడు రాజారామ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చి ఇచ్చారు. కాలేజీ మాస్టారు జీతమెంతో, మధ్యతరగతి మనిషికి ఇల్లంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఈ వాక్యం రెండోసారి చదవాలనిపిస్తుంది. ఒకప్పుడు కాలేజీ పోటీల్లో ఆడనివ్వండని ఒక్క మాట అన్నందుకు ఆయన చివరిదాకా ఆ మాట వెంటే నడిచారు.

అమెచ్యూర్ అన్న నియమాన్ని ఇక్కడ తలచుకోవాలి. ఆటను పొట్టకూటికి వాడుకోనివాడే ఒలింపిక్స్‌లో ఆడాలని అప్పటి కట్టుబాటు. వినడానికి పవిత్రంగా ఉంటుంది. ఆ కట్టుబాటు రాసింది ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలోని కలిగినవాళ్లు. ఆట మీద రూపాయి సంపాదించకూడదన్న నియమం, ఇంట్లో రూపాయి ఉన్నవాడికి అడ్డు కాదు. లేనివాడికి మాత్రం, ఎవరైనా తాకట్టు పెట్టడానికి ఒక ఇల్లు ఉండాలి. జాదవ్ కాలపు అమెచ్యూర్ క్రీడ మన దగ్గర ఊరి చందాల మీద, మాస్టార్ల దయ మీద నడిచింది. దాన్ని క్రీడా స్ఫూర్తి అని పొగిడి వదిలేస్తే ఖర్డేకర్ గారికి అన్యాయం చేసినట్టే. ఆయన చేసింది ప్రభుత్వం చేయాల్సిన పని.

హెల్సింకిలో జాదవ్ కెనడాకు చెందిన ఏడ్రియన్ పొలిక్విన్‌ను, మెక్సికోకు చెందిన లియోనార్డో బసూర్టోను, జర్మనీ మల్లుడు ఫెర్డినాండ్ ష్మిట్జ్‌ను ఓడించి ఆఖరి ముగ్గురిలో ఒకడయ్యాడు. అదే ఒలింపిక్స్‌లో ఆయన తోటి మల్లుడు కేశవ్ మంగావే ఫెదర్‌వెయిట్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. అంటే ఆ ఏడాది మన దేశం కుస్తీలో రెండో పతకానికి కూడా ఒక్క అడుగు దూరంలోనే ఆగిపోయింది. మంగావేను గుర్తుచేసుకునేవాళ్లు ఇంకా తక్కువ.

ఇక అవతలి వైపు చూద్దాం. ఇషీ వెనుక ఎవరున్నారు?

రెండో ప్రపంచయుద్ధంలో ఓడాక జపాన్‌ను ఏలిన అమెరికా సైనిక యంత్రాంగం, యుద్ధోన్మాదాన్ని పెంచుతాయంటూ బడుల్లో జూడో, కెండో వంటి యుద్ధవిద్యలను నిషేధించింది. జూడోలో ఆరితేరుతున్న ఇషీ వంటి కుర్రవాళ్లకు ఉన్నపళంగా చేసుకునే పని పోయింది. అప్పుడు వాళ్లకు తలుపు తెరిచిన మనిషి ఇచిరో హట్టా. ఆయన కథ మరీ చిత్రమైనది. హట్టా కూడా జూడో వీరుడే. 1929లో వసేదా విశ్వవిద్యాలయం జూడో బృందంతో అమెరికా వెళ్లి అక్కడి మల్లులతో కుస్తీ పట్టి ఓడిపోయాడు. ఆ ఓటమిని అవమానంగా మింగకుండా, అవతలివాడి విద్యలో ఏదో ఉందని గ్రహించాడు. తిరిగొచ్చి 1931లో వసేదాలో కుస్తీ సంఘం పెట్టాడు. మరుసటి ఏడు లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తనే పోటీకి దిగాడు. యుద్ధం తర్వాత జపాన్ కుస్తీ సమాఖ్యకు అధ్యక్షుడై దశాబ్దాల పాటు దాన్ని నడిపాడు.

జూడోలో నేర్చిన విసురులను కుస్తీకి ఎలా మలచుకోవాలో, బట్ట పట్టుకునే అలవాటును ఒంటి పట్టుగా ఎలా మార్చాలో అనుభవంతో తెలిసిన మనిషి అధ్యక్షుడి కుర్చీలో ఉండటం ఎంత మేలో ఊహించుకోవచ్చు. శిష్యుల పట్ల ఆయన మహా కఠినుడు. ఎక్కడైనా నిద్ర పట్టాలని దీపాలు వేసి ఉంచి పడుకోబెట్టేవాడు. బెదురు పోవాలని జూలో సింహం ఎదుట నిలబెట్టి కళ్లలోకి చూడమనేవాడు. ఓడితే గుండు. వీటిలో కొన్ని ఈ రోజు ఒప్పుకోదగినవి కావు. అయినా ఓ సంగతి స్పష్టం. ఆ శిష్యుడు చాప మీద ఉన్నప్పుడు, చాప పక్కన నిబంధనలన్నీ తెలిసిన పెద్దదిక్కు ఉండేది.

హెల్సింకిలో జపాన్‌కు వచ్చిన స్వర్ణం ఇషీది ఒక్కటే. యుద్ధం తర్వాత ఆ దేశానికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. అదే నెలలో భారతదేశానికి కూడా మొదటి వ్యక్తిగత పతకం వచ్చింది. రెండు దేశాలూ ఒకే గీత దగ్గర నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత ఏమైంది? 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ కుస్తీలో అయిదు స్వర్ణాలు గెలిచింది. మనకు కుస్తీలో మరో పతకం రావడానికి 2008 బీజింగ్‌లో సుశీల్ కుమార్ దాకా, అంటే 56 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఏ ఆటలోనైనా సరే, రెండో వ్యక్తిగత పతకం కోసమే 1996 అట్లాంటాలో లియాండర్ పేస్ దాకా 44 ఏళ్లు పట్టింది. జపాన్ పిల్లలు మన పిల్లల కంటే బలవంతులని ఎవరూ అనలేరు. ఇషీ, జాదవ్ మధ్య జరిగిన పోరే దానికి సాక్ష్యం. తేడా అంతా చాప బయటే ఉంది.

జాదవ్ తిరిగొచ్చినప్పుడు ఊరు చేసిన పని మాత్రం చిరకాలం చెప్పుకోవలసింది. కరాడ్ స్టేషన్ నుంచి వందకు పైగా ఎడ్లబళ్ల ఊరేగింపు. మామూలుగా పావుగంటలో పోయే దారి గంటల తరబడి సాగిందట. ప్రభుత్వ స్వాగతాలూ, నజరానాలూ లేవు. ఆ బళ్ల మీద వచ్చినవాళ్లలో చందా ఇచ్చినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. తాము పంపిన మనిషిని తామే తెచ్చుకున్నారు.

తర్వాత జాదవ్ చేసిన పని ఆయన పతకం కంటే ఎత్తుగా తోస్తుంది. కుస్తీ పోటీలు ఏర్పాటు చేసి, తానే గోదాలోకి దిగి, వచ్చిన డబ్బు ఖర్డేకర్ గారి చేతికి ఇచ్చి తాకట్టులో ఉన్న ఇల్లు విడిపించాడు. ఒలింపిక్ పతకం గెలిచి వచ్చిన మనిషి మొదట అప్పు తీర్చే పనిలో పడ్డాడు. ఇచ్చినాయన అడిగి ఉండరు. పుచ్చుకున్నాయన మరిచిపోలేదు. గురుశిష్య సంబంధం గురించి మన దగ్గర ఎన్నో పురాణ కథలున్నాయి. వాటి పక్కన కూర్చోబెట్టదగిన నిజం ఇది.

1955లో ఆయన పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాడు. మోకాలి గాయం వల్ల 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయాడు. అక్కడితో అంతర్జాతీయ కుస్తీ ముగిసింది. ఇరవై ఏడేళ్ల సర్వీసు తర్వాత అసిస్టెంట్ కమిషనర్‌గా రిటైరయ్యాడు. పింఛను కోసం తిరగాల్సి వచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల జ్యోతి పరుగులో ఆయనను భాగం చేశారు. 1984 ఆగస్టు 14న రోడ్డు ప్రమాదంలో కన్నుమూశాడు. అర్జున అవార్డు వచ్చింది 2001లో, చనిపోయిన పదిహేడేళ్లకు. ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలోని కుస్తీ మందిరానికి 2010లో ఆయన పేరు పెట్టారు. 2017లో ఆయన కుటుంబం ఆ కాంస్య పతకాన్ని వేలం వేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఊళ్లో కట్టిస్తామన్న కుస్తీ అకాడమీ మాటల్లోనే ఉండిపోయిందని వాళ్ల బాధ. అరవై అయిదేళ్ల తర్వాత కూడా తాకట్టుకు ఏదో ఒకటి వెతుక్కోవాల్సిన స్థితి.

తెలుగు నేల మీద ఒలింపిక్ కుస్తీ పతకం ఇంకా పుట్టలేదు. కుస్తీ లేక కాదు. హైదరాబాద్ పాతబస్తీలో తాలింఖానాలు తరతరాలుగా నడుస్తున్నాయి. ఉత్తరాంధ్రలో వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు వినని ఇల్లు ఒకప్పుడు లేదు. ఆయనకూ పక్కన నిలిచిన మనిషి ఉన్నాడు. విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుడి సాయంతోనే రామ్మూర్తి సర్కస్ కంపెనీ పెట్టి దేశం చుట్టి వచ్చాడు. అయితే ఆ బలం ప్రదర్శనగా మిగిలింది. జనం చప్పట్లు కొట్టారు, టికెట్లు కొన్నారు. ఆ బలాన్ని పోటీ విద్యగా మలచి తర్వాతి తరానికి అందించే పీఠం మన దగ్గర ఏర్పడలేదు. ఒక హట్టా ఇక్కడ పుట్టలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. స్వర్ణ, రజతాలు గెలిచిన ఇద్దరూ ఎత్తింది చెరి 242.5 కిలోలు. మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లింది. ఎత్తగలిగితే స్వర్ణమే. అది అందలేదు. ఆ ఆటలో బరువు ఎత్తేది ఒకరు, ఏ బరువు అడగాలో లెక్క వేసేది వెనుక గదిలోని మనుషులు. వెయిట్‌లిఫ్టింగ్ చూసేవాళ్లు ఆ ఒక్క నిర్ణయం గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. వాదన ఎటు తేలినా, ఆ గది ఎంత ముఖ్యమో అందులోనే తెలిసిపోతుంది.

మరి ఇప్పుడు? జాదవ్ పోటీ చేసిన 57 కిలోల విభాగంలోనే 2024 పారిస్‌లో అమన్ సెహ్రావత్ కాంస్యం గెలిచాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో పెరిగిన కుర్రాడు. సెమీస్‌లో అతన్ని ఓడించినవాడు జపాన్‌కు చెందిన రెయ్ హిగుచి. చివరికి స్వర్ణమూ అతనిదే. 72 ఏళ్ల తర్వాత అదే తరగతి, అవే రెండు దేశాలు, మళ్లీ అదే ఫలితం. కానీ ఓటమి తర్వాత జరిగింది మాత్రం హెల్సింకిలో జరిగినట్టు లేదు. సెమీస్ అయ్యేసరికి అమన్ 61.5 కిలోలకు పెరిగాడు. మర్నాటి పొద్దున తూకానికి నాలుగున్నర కిలోలు దిగాలి. కోచ్‌లు జగ్‌మందర్ సింగ్, వీరేందర్ దహియా ఆ రాత్రంతా నిద్రపోలేదు. చాప మీద పట్లు, వేడినీటి స్నానం, ఆవిరి గది, ట్రెడ్‌మిల్, మధ్యమధ్య కాసేపు విశ్రాంతి, ఇలా గంట గంటకూ తూచి చూసుకుంటూ తెల్లవారేసరికి అతన్ని 57 లోపలికి తెచ్చారు. ఆ సాయంత్రం అమన్ 13-5తో గెలిచాడు. పతకం మెడలో పడింది అతనికే. సగం గెలుపు మాత్రం ఆ రాత్రి మేల్కొన్న వాళ్లది.

పక్కన మనుషులున్నంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని కాదు. అదే పారిస్‌లో వినేశ్ ఫోగట్‌కు కోచ్ ఉన్నాడు, డాక్టర్ ఉన్నాడు, రాత్రంతా శ్రమించిన బృందం ఉంది. ఫైనల్ పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. ఓదార్పు పలికినవాళ్లలో హిగుచి ఒకడు. 2021లో ఒలింపిక్ అర్హత పోటీలో 50 గ్రాముల తేడాతో తనే దూరమైనవాడు కాబట్టి ఆ నొప్పి అతనికి తెలుసు. అయినా వినేశ్ తరఫున క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో హరీశ్ సాల్వే వంటి న్యాయవాదులు నిలబడి వాదించారు. తీర్పు ఆమెకు వ్యతిరేకంగానే వచ్చింది. కానీ ఆమె మాట ఒకరు వినిపించారు. జాదవ్‌కు 1952లో ఆ పాటి కూడా దొరకలేదు.

ఇప్పటి కుస్తీలో కోచ్‌కు నిబంధనే ఒక చోటు ఇచ్చింది. రిఫరీ నిర్ణయం తప్పనిపిస్తే కోచ్ చేతిలోని మెత్తటి దిమ్మను చాప మీదికి విసరవచ్చు. పోటీ ఆగుతుంది, వీడియో చూస్తారు. అభ్యంతరం నిలవకపోతే ఎదుటివాడికి ఒక పాయింటు దక్కుతుంది. అంటే విసరడానికి ధైర్యంతో పాటు నిబంధనల మీద పట్టు కూడా ఉండాలి. పిల్లవాడు చాప మీద తన్నుకులాడుతుంటే, పక్కన కూర్చున్న మనిషి కళ్లార్పకుండా ప్రతి పట్టునూ లెక్క కట్టాలి.

పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లకు ఈ సదుపాయాలన్నీ ఇప్పుడు ఉన్నాయి. కష్టమంతా కింది మెట్టు మీదే. మండల స్థాయి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్లే కుస్తీ పిల్లలు, జూడో, కరాటే పిల్లలు బస్సుల్లో, ప్యాసింజర్ రైళ్లలో వెళ్లి వస్తుంటారు. ఎవరికి అభ్యంతరం చెప్పాలో తెలియదు, ఎన్ని నిమిషాల్లో చెప్పాలో తెలియదు, తూకం ఎన్ని గంటలకో ఒక్కోసారి తెలియదు. వెంట వెళ్లే పెద్దలు తక్కువ, వెళ్లినవాళ్లలో నిబంధనల పుస్తకం చదివినవాళ్లు ఇంకా తక్కువ.

తెలుగు పాఠకులకు ఒక మనవి. మీ ఊళ్లో తాలింఖానా ఉంటే, వ్యాయామశాల ఉంటే, బళ్లో కుస్తీయో జూడోయో నేర్చుకునే పిల్ల ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. ఇల్లు తాకట్టు పెట్టమని ఎవరూ అడగరు, ఖర్డేకర్ గారి వంటి త్యాగం అందరి నుంచీ ఆశించడం కూడా న్యాయం కాదు. ఆ ఆట నిబంధనలు తెచ్చుకుని చదవండి, సెలవు చిక్కిన రోజు ఆ పిల్లతో పాటు పోటీకి వెళ్లండి. ఎవరైనా ఆమెను విశ్రాంతి లేకుండా రెండోసారి చాప ఎక్కమంటే, లేచి నిలబడి ఆ అరగంట అడగండి.